పెన్సిలు మందు పడని సుభద్రమ్మ

సుభద్రమ్మకు మాత్రలంటే గౌరవం లేదు. మాత్రతో తగ్గిన జ్వరం అసలు జ్వరమే కాదని ఆవిడ నమ్మకం. నౌపడ అవతల, ఉప్పుమడులు ఆగి వరిచేలు మొదలయ్యే చోట ఉన్న ఆ ఊరు మొత్తానికీ అదే మతం. ఒళ్లు వెచ్చబడితే సూది, నడుం పట్టేస్తే సూది, నాట్లకు ముందు నీరసంగా అనిపించినా సూది. పొడిచిన చోట వాచిపోయి కూర్చోలేకపోతే, మందు గట్టిదని మెచ్చుకునేవారు.

ఈ మతానికి పూజారి నరసింగరావు. టెక్కలిలో ఏదో మందుల దుకాణంలో కొన్నాళ్లు సీసాలు అందించి, ఆ చదువుతోనే ఊరికొచ్చి రోడ్డు పక్క గది తీసుకుని, మెడలో స్టెతస్కోపు వేసుకున్నాడు. దాన్ని ఎవరి గుండె మీదా పెట్టగా చూసినవాళ్లు లేరు. డాక్టరు బాబు అనిపించుకోవడానికి అది మెడలో ఉంటే చాలు. తెల్లపొడి ఉన్న చిన్న సీసాలోకి నీళ్లు ఎక్కించి, గలగలా ఊపి, సగం ఒకరికి పొడిచి, మిగతా సగం సాయంత్రం వచ్చేవాళ్ల కోసం కిటికీలో ఎండకు పెట్టేవాడు. ఏ రోగం, ఎంత మోతాదు, ఇదివరకు ఏ మందైనా వికటించిందా అనే చాదస్తం ఆయనకు లేదు. పుండుకీ అదే, జలుబుకీ అదే. జలుబు మీద ఆ మందు పనిచెయ్యదు. అయినా జలుబు ఎలాగూ దానంతటదే తగ్గేది, పేరు సూదికి వచ్చేది.

ఆ గదికి అందరికంటే భక్తిగా వచ్చే మనిషి సుభద్రమ్మ. భర్త తిరుమలరావుతో సమానంగా చేలో దిగి పనిచేసేది. ఊళ్లో ఎవరినీ లెక్కచేసేది కాదు, ఒక్క నరసింగరావును తప్ప. పడుచు వయసులో కాలి పుండుకు సర్కారు ఆసుపత్రిలో పెన్సిలిన్ వేస్తే ఆవిడకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ఈ మందు నీకు పడదు, ఎక్కడికెళ్లినా ముందు ఈ సంగతి చెప్పు అని అప్పటి డాక్టరు హెచ్చరించాడు. ఆవిడ తలాడించి మరచిపోయింది. గుర్తొచ్చేలా ఆ తర్వాత ఎవరూ అడగనూ లేదు. నరసింగరావు దగ్గర అంతవరకూ ఆవిడకు దక్కినవి నొప్పి సూదులూ, బలం సూదులూ కాబట్టి రోజులు గడిచిపోయాయి.

మొన్నటి వానాకాలంలో ఒకరోజు ఉదయం ముక్కు కారుతూ, ఒళ్లు నొప్పులతో ఆ గదికి వెళ్లింది.

"ఈపాలి గట్టిది ఎయ్యి నరసింగం. రేపు నాట్లున్నాయి," అంది.

"అలాగే అత్తా. సాయంత్రానికి లేసి తిరిగేత్తావు," అని నరసింగరావు తెల్లపొడి సీసా ఊపాడు.

సూది వేయించుకుని ఆవిడ వీధి మలుపు దాటకముందే అరచేతుల్లో దురద మొదలైంది. ఇంటి మెట్టెక్కేసరికి పెదాలు ఉబ్బిపోయి, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఊపిరి ఈల వేస్తోంది. గడపలోనే కూలబడిపోయింది. కోడలు ఈశ్వరి పట్టుకుని నరసింగరావుకు కబురు పెట్టింది. అతను వచ్చాడు, చూశాడు, మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నీరసం, అంతే. నిమ్మకాయ నీళ్లు పట్టండి. నాను బండి మీదెల్లి మందు తెస్తాను," అని వెళ్లిపోయాడు.

ఆ మందు ఇప్పటికీ రాలేదు.

ఊపిరే ఆడని మనిషికి నీళ్లేమిటని ఈశ్వరి 108కి ఫోను చేసింది. అంబులెన్సులో వచ్చినతను ఒక్క చూపులో సంగతి గ్రహించి, తొడకు అడ్రినలిన్ సూది వేసి, ఆక్సిజన్ పెట్టి టెక్కలి ఆసుపత్రికి చేర్చాడు. దారిలోనే ఆవిడ కళ్లు తెరిచింది.

అక్కడ ఆమని అనే డాక్టరు అడిగింది, "ఏ సూది వేశారమ్మా?"

"తెల్లపొడి సూదమ్మా."

"తెల్లపొడులు చాలా రకాలుంటాయి. దాని పేరేమిటి?"

"పేరు ఆడికే తెల్దు," అంది సుభద్రమ్మ.

తిరుమలరావు ఆ గది కిటికీలోంచి సీసా తీసుకొస్తే పేరు బయటపడింది. ఆంపిసిలిన్. పెన్సిలిన్ జాతి మందే. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉంటుందని డాక్టరు ఆవిడను మర్నాటి దాకా కదలనివ్వలేదు. పంపేటప్పుడు పెన్సిలిన్ అనే పేరు ఆవిడ చేత పదేపదే పలికించింది. సుభద్రమ్మ నోట అది "పెన్సిలు" దగ్గరే ఆగిపోయింది. అయినా ఇక మరచిపోయే పేరు కాదు.

ఇంటికి రాగానే నాట్లు కోడలికి వదిలేసి, నరసింగరావు గదికి ఎదురుగా ఉన్న అరుగు మీద మకాం పెట్టింది. పారిపోయిన మనిషి వారం తిరగకుండా వచ్చి, ఏమీ జరగనట్టు తలుపులు తెరిచాడు. ఊరూ ఏమీ జరగనట్టే లోపలికి వెళ్లింది. సుభద్రమ్మది ఒంట్లో బలం లేకపోవడమట. సూదిది తప్పు కాదట. మనిషిని చంపబోయినవాణ్ణి వదిలేసి చావబోయిన మనిషిని తప్పుపట్టడంలో ఆ ఊరు ఆరితేరింది.

"ఒసే, ఎందుకెల్తన్నావు నోపలికి?" అని ఆవిడ గుమ్మం ఎక్కేవాళ్లను ఆపేది.

"దగ్గు, అత్తా."

"దగ్గుకి సూదేటే? ఆడు ఏసేది ఏటో అడిగినావా? ఏదైనా పడదేమోనని ఆడు నిన్నడిగినాడా? నిమ్మకాయ కొనేటప్పుడు పిసికి సూత్తావు గదా. ఒంట్లోకి పోయే మందు పేరు అడగడానికి నోరు రాదా?"

నరసింగరావు బయటికొచ్చి బతిమాలాడు. "ఎందుకత్తా నా పొట్ట కొడతావు? అప్పుడంటే అలాగైపోనాది."

"అలాగవడం కాదురా. అలాగైతే ఏటి సెయ్యాలో నీకు తెల్దు. తెల్నోడివి సీసా ముట్టుకోకు."

అతను మారలేదు. వెనక సందులోకి ఒక తలుపు పెట్టించాడు. సూది ప్రియులందరూ అటునుంచి వెళ్లడం మొదలెట్టారు. వాళ్ల కోసం ప్రాణం విసిగేలా అరిచిన మనిషిని తప్పించుకుని, దొంగల్లా వంగి వెళ్లి, ఎండలో కాగిన సగం సీసా పొడిపించుకొచ్చేవారు.

ఇంతలో ఆవిడ మరిది సోములు ఉప్పుమడిలో పనిచేస్తుంటే పాదంలో గాజుపెంకు దిగింది. పసుపు అద్ది ఊరుకున్నాడు. పాదం వాచి, ఎరుపు పిక్కదాకా పాకి, చలిజ్వరం వచ్చింది. భార్య గురమ్మ టెక్కలి తీసుకెళ్తే, చీము లోపలికి పోయింది, మందు నరంలోకి ఎక్కించాలని డాక్టరు ఆమని చెప్పింది. సోములు మంచం దిగి చెప్పుల కోసం వెతికాడు. మా వదిన సూదితోనే సచ్చి బతికినాది, నాకొద్దు అని మొండికేశాడు. గురమ్మ ఏడుస్తూ ఫోను చేస్తే సుభద్రమ్మ ఆటో ఎక్కి వచ్చింది.

"సెప్పులు ఇడు," అంది వార్డులోకి అడుగుపెడుతూనే.

"నువ్వే గదా వదినా సూది వద్దన్నావు."

"నాను సూదిని తిట్నేదు సోములూ. సూదంటే తెలీకుండా పొడిసినోణ్ణి తిట్టినాను. సెవులున్నాయి గాని వినడం రాదు నీకు. జలుబుకి పొడిపించుకోడానికి సందులోంచి దూరతారు, కాలు కుళ్లిపోతంటే సూది వద్దంటారు. ఏటి మనుషులర్రా మీరు?"

సోములు మంచమెక్కాడు. ఇదివరకు ఏ మందుకైనా దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా అని నర్సు ముందే అడిగింది. కాలి చీము కొంచెం తీసి పరీక్షకు పంపారు. అతని కళ్లముందే కొత్త సిరంజి విప్పి, కొత్త సీసా కలిపి, మందును మెల్లగా ఎక్కించారు. అయ్యాక నర్సు కాసేపు అతన్ని కనిపెట్టుకునే ఉంది. మందు వికటిస్తే వెయ్యడానికి అడ్రినలిన్ ట్రేలో సిద్ధంగా ఉంది. ఆ ట్రేని సుభద్రమ్మ చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలో తిట్టు లేకుండా మరిది చూడడం అదే మొదలు.

పరీక్ష ఫలితం వచ్చాక ఆమని మందు మార్చింది. ఆ చీముకు ఇదైతేనే సరిగ్గా పనిచేస్తుందంది. జ్వరం దిగగానే సోములు ఇంటికి పోతానన్నాడు.

"డాక్టరమ్మ సరే అన్నదాకా ఇక్కడే ఉంటావు. సగంలో ఆపితే సగం సచ్చిన పురుగు మల్లీ లేస్తాది. అప్పుడు ఈ మందుక్కూడా లొంగదంట," అని వదిన గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. అతను కాలు నిలబెట్టుకుని ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాత ఊళ్లో ఆవిడకు మర్యాద పెరిగింది. ఆ మర్యాద కూడా ఊరికి తగ్గట్టే ఉంది. ఒకరోజు ధనలక్ష్మి అనే పక్కింటావిడ కూతురికి జ్వరమని నేరుగా సుభద్రమ్మ దగ్గరికే వచ్చింది.

"ఏ సూది మంచిదో నువ్వే సెప్పు, వదినా. నీకు అన్నీ తెలిసిపోనాయి గదా."

సుభద్రమ్మ చేట కింద పెట్టింది.

"నాకేటి తెలుసు? నాకు ఏది పడదో తెలుసు, అంతే. నన్నో నరసింగాన్ని సెయ్యకు. లే, పిల్లకి సెప్పులు తొడుగు. ఆటో పిలుత్తాను."