నాయనమ్మ ముప్ఫై రెండు పళ్ళు

మా నాయనమ్మకి అరవై రెండేళ్ళ వయసులో ముప్ఫై రెండు పళ్ళూ ఉండేవి. ఈ సంగతి జగ్గయ్యపేటలో మా వీధి వాళ్ళకే కాదు, మిరపకాయల బస్తాలు వేసుకుపోవడానికి వచ్చే బండివాళ్ళకి కూడా తెలుసు. ఆవిడే చెప్పేది. చేగోడీలు గట్టిగా వచ్చాయని మా అమ్మ నొచ్చుకుంటుంటే, "నాకెక్కడా గట్టిగా లేవే!" అంటూ నాలుగు నమిలి చూపించేది. అరవై దాటిన ఆడవాళ్ళెవరైనా ఇంటికొస్తే, మంచినీళ్ళిచ్చేలోపే వాళ్ళ నోటివంక ఒకసారి చూసేది. లెక్క తక్కువుంటే ఆ పూట ఆవిడ చాలా మర్యాదగా ఉండేది.

ఒకటే లోటు. ఆ పళ్ళన్నీ ఇటుక రంగులో ఉండేవి. దానికి కారణం మా తాతయ్య.

నలభై ఐదేళ్ళుగా, మధ్యాహ్నం అన్నాలయ్యాక తాతయ్య వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఇత్తడి ఆకుల పెట్టె తెరిచేవాడు. నాయనమ్మ పక్కనే పీట వాల్చుకునేది. ఆయన తమలపాకు తొడిమ తుంచి, ఈనె తీసి, పంచెకి అటూ ఇటూ తుడిచి, గోటితో కాస్త సున్నం రాసి, వక్కా కాచూ వేసి చిలక చుట్టేవాడు. మొదటి చిలక ఆవిడకి. రెండోది తనకి. తాతయ్యకి మిగిలినవి ఆరే పళ్ళు కాబట్టి తన ఆకు చిన్న రోట్లో దంచుకునేవాడు. నాయనమ్మ నమిలి, నాలిక బయటపెట్టి, "పండిందా?" అని అడిగేది. ఆయన చూసి తల ఊపేవాడు. మొగుడికి ప్రేముంటేనే పెళ్ళాం నోరు పండుతుందని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. ఆ లెక్కన తాతయ్య ప్రేమ నాయనమ్మ పళ్ళమీద పొరలుపొరలుగా పేరుకుపోయింది.

మా ఇంట్లో విషయాలన్నీ ఆ అరగంటలోనే తేలేవి. ఏ చేలో మిరప వెయ్యాలి, ఎవరింటి పెళ్ళికి ఎవరు వెళ్ళాలి, అన్నీ అప్పుడే. నన్ను నందిగామ కాలేజీలో చేర్పించి మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఉంచాలన్న మాట కూడా రెండు చిలకల మధ్యనే ఖాయమైంది. మిగతా రోజంతా వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకోగా నేను చూడలేదు.

గొడవ మా చిన్నాన్న గృహప్రవేశం ఫోటోతో మొదలైంది. డెబ్బైల చివర మాట. ఫోటోలంటే ఇంకా నలుపూ తెలుపే. నాయనమ్మ ఆ రోజు పట్టుచీర కట్టుకుని, నోరారా నవ్వుతూ నిలబడింది. ఎర్రపళ్ళు నలుపు తెలుపు ఫోటోలో ఏ రంగులో పడతాయో ఎవరికి తట్టింది? కడిగిన ఫోటోలొచ్చేసరికి నాయనమ్మ నోట్లో నల్లటి చీకటి తప్ప ఏమీ లేదు.

అంతవరకైతే ఆవిడ ఫోటోగ్రాఫర్ని తిట్టి ఊరుకునేదేమో. కానీ నందిగామ నుంచి మా అమ్మమ్మ వచ్చింది. మా అమ్మకి అమ్మ, నాయనమ్మకి వియ్యపురాలు. అమ్మమ్మకి అప్పటికి రెండేళ్ళ కిందటే పళ్ళన్నీ తీసేసి సెట్టు కట్టారు. వియ్యపురాళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళుగా శుభకార్యాల్లోనే కలుసుకునేవాళ్ళు. పరువు కోసం ఇద్దరూ మూతి బిగించుకునే మాట్లాడుకునేవాళ్ళు. అందుకని అమ్మమ్మ ఫోటోని కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని చూసి, నిజంగానే జాలిపడింది.

"అయ్యో వదినగారూ, పళ్ళన్నీ పోయినయ్యా? ఒక్క ముక్క చెప్పలేదే! మా నందిగామలో మంచి డాక్టరున్నాడండీ. నే మాట్లాడతాగా."

నాయనమ్మ మొహం చూసి మా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళాల్సింది. కానీ ఏం జరుగుతుందో చూడాలని ఉండిపోయా.

"పోలేదండి. ముప్ఫై రెండూ ఉన్నయి," అంది నాయనమ్మ.

"అలాగేలెండి," అంది అమ్మమ్మ మెత్తగా. ఆ 'లెండి' దగ్గరే అంతా చెడిపోయింది.

మరో మూడు నెలల్లో మా అక్క పెళ్ళి. ఆ పెళ్ళి ఫోటోల్లో తన ముప్ఫై రెండు పళ్ళూ కనపడి తీరాలని నాయనమ్మ పంతం పట్టింది. మర్నాడు పిడకల కచ్చికా ఉప్పూ కలిపి తోమింది. ఆ మర్నాడు బొగ్గుపొడి. వారం తిరిగినా ఇటుక రంగు ఇటుక రంగే. చివరికి చింతపండు పట్టించింది. "ఇత్తడి బిందెలు తళతళలాడితే పళ్ళకేం రోగం?" అని వాదన. పళ్ళు పులిసిపోయి రెండు రోజులు ఇడ్లీ కూడా పాలల్లో నానేసుకుని తింది. చేగోడీల మనిషి ఇడ్లీ నానేసుకుంటుంటే తాతయ్య చూసి, "ఈ వయసులో తెల్లగా ఉంటే ఏంటి, ఎర్రగా ఉంటే ఏంటే?" అన్నాడు.

"మీకు ఆరే ఉన్నయి. మీకేం తెలుసు?" అంది.

ఇక మిగిలింది నందిగామ డాక్టరు. అంటే అమ్మమ్మ చెప్పిన ఆ డాక్టరే, ఇంకొకరు లేరు. విషయం అమ్మమ్మకి తెలియకూడదు. నేనుండేది అమ్మమ్మ ఇంట్లో. నాయనమ్మ నాకు కబురు పెట్టింది, కాలేజీ మానేసి బస్టాండుకి రమ్మని. ఎర్రబస్సు దిగగానే ఎండ నెపంతో చెంగు నెత్తిన కప్పుకుని, అమ్మమ్మ వీధి తప్పించి చుట్టూ తిప్పి తీసుకుపోయింది. ఆ ఊళ్ళో ఉంటున్నది నేను, దారి చూపించేది ఆవిడ.

డాక్టరు బట్టలకొట్టు మేడ మీద. కుర్రాడు. నోరు తెరిపించి, అద్దం పెట్టి లెక్కపెట్టి ఆశ్చర్యపోయాడు.

"ముప్ఫై రెండూ ఉన్నాయండీ పెద్దమ్మగారూ! ఒక్కటీ పుచ్చలేదు."

"అది కాయితమ్మీద రాసివ్వండి," అంది నాయనమ్మ.

ఆయన నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. రాసివ్వడం కుదరదన్నాక వచ్చిన పని చెప్పింది.

"పళ్ళు గట్టిగా ఉన్నాయి, నొప్పి లేదు. ఈ వయసులో ఇంకేం కావాలండీ? గార తీస్తే చిగుళ్ళకి మంచిదే, తీస్తా. తెలుపు మాత్రం పై పై మెరుపే. మళ్ళీ ఆకు వేస్తే రెండు నెలల్లో ఎర్రబడిపోతాయి."

"వెయ్యను. గీకండి."

మూడు విడతలుగా గీకాడు. మూడుసార్లూ నేను కాలేజీ ఎగ్గొట్టాను. మూడోసారి అద్దం చూపిస్తే నాయనమ్మ చాలాసేపు చూసుకుంది. పాలతెలుపు కాదు గానీ, ఉతికిన నేతబట్ట రంగొచ్చింది. మెట్లు దిగి సోడా తాగబోయి చల్లదనానికి పళ్ళు జివ్వుమని కేక పెట్టింది. కొట్టువాడు నేనేదో చేశానని నావంక చూశాడు.

ఆ శనివారం నేను జగ్గయ్యపేట వెళ్ళేసరికి ఇల్లు అదోలా ఉంది. మధ్యాహ్నం తాతయ్య పెట్టె తెరిచాడు. నాయనమ్మ పీట వాల్చుకోలేదు. మా అమ్మతో కలిసి పెరట్లో మిరపకాయలు తిరగేస్తోంది. "నాకు ఆకొద్దు, పెళ్ళయ్యేదాకా," అని అంతకుముందే చెప్పిందట. ఆయన "సరే" అన్నాడట. అయినా చెయ్యి ఊరుకుంటుందా? రెండు చిలకలు చుట్టాడు. తనది దంచుకున్నాడు. ఆవిడదాన్ని కాసేపు పెట్టెలో ఉంచి, సాయంత్రం గేదె కుడితిలో వేశాడు. రోజూ అదే వరస.

"ఇంకో నెల పోతే గేదె ఆకు లేందే పాలివ్వదు," అన్నాడు మా నాన్న. అందరం నవ్వాం, తాతయ్య తప్ప.

అసలు ఇబ్బంది పెళ్ళి పనుల్లో వచ్చింది. అరగంట పోయింది కదా, నిర్ణయాలూ పోయాయి. వంటకి ఎవర్ని పిలవాలో పదిహేను రోజులకీ తేలలేదు. నాన్న అడిగితే తాతయ్య "మీ అమ్మనడుగు" అనేవాడు, ఆవిడ "మీ నాన్ననడుగు" అనేది. ఇద్దరూ ఒకే వసారాలో ఉన్నా ఆకు లేకుండా మాట ఎలా మొదలెట్టాలో వాళ్ళకి తెలియలేదు. నాన్న విసిగిపోయి, తనే వీరులపాడు వెళ్ళి వంటవాళ్ళకి చెప్పొచ్చాడు. తాతయ్య ఆ రోజుల్లో కాస్త చిక్కిపోయాడు. నాకు నాయనమ్మ మీద కోపం వచ్చింది. నాలుగు ఫోటోల కోసం ఇంతా అనిపించింది. కానీ ఆవిడతో అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

పెళ్ళిరోజు నాయనమ్మ గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ పళ్ళన్నీ చూపించి నమస్కారం పెట్టింది. ఫోటోగ్రాఫర్ ఎటు తిరిగితే అటు నవ్వింది. తాళి కట్టేటప్పుడు అందరి కళ్ళూ చెమ్మగిల్లితే ఆవిడొక్కతే పళ్ళు బయటపెట్టి నిలబడింది. అమ్మమ్మ పొద్దుట్నించీ ఆవిడ నోరే చూస్తోంది. చూస్తోందని నాయనమ్మకి తెలుసు. ఎప్పుడు ఒప్పుకుంటుందా అని ఎదురుచూస్తోంది.

భోజనాల పంక్తిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. వడ్డిస్తున్నది నేను. అమ్మమ్మ ఆవిడ చేతిమీద చెయ్యివేసి, ఎంతో ఆప్యాయంగా అంది.

"సెట్టు బ్రహ్మాండంగా కుదిరింది వదినగారూ. నాకు మొదటేడు చిగుళ్ళు ఒరుసుకుపోయినయి. మీకు ఒరుసుకోడంలా?"

నాయనమ్మ ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసింది. "సెట్టేంటండీ? ఇవి నా పళ్ళు!"

"నా దగ్గర దాపరికం ఎందుకండీ. మీరు డాక్టరు మేడ దిగుతుంటే మూడుసార్లు మా పక్కింటావిడ చూసింది. మూడు విడతలంటే సెట్టేగా. నాకూ మూడే పట్టింది. అయినా మన వయసులో ఇంత తెల్లటి పళ్ళు సొంతవి ఎవరికుంటయ్యండీ?"

నేను సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడిపోయా. అమ్మమ్మ తప్పేముంది? ఆ రోజుల్లో ముసలాళ్ళ నోట్లో తెల్లపళ్ళంటే కట్టుడు పళ్ళే. ఎర్రగా ఉన్నప్పుడు లేవన్నారు. తెల్లబడ్డాక కొన్నవన్నారు. ఇంత అవస్థా పడి నాయనమ్మ సాధించిందిదీ.

"పీకి చూడండి," అంది నాయనమ్మ. విస్తరి ముందే నోరు తెరిచింది.

అమ్మమ్మ మొహమాటపడింది. "పీకండీ!" అని గద్దించేసరికి ఎడం చేత్తో ముందుపన్ను పట్టుకుని లాగింది. రాలేదు. పట్టుదల అమ్మమ్మకీ ఉందిగా, ఇంకాస్త గట్టిగా లాగింది. ఆ ఊపులో అమ్మమ్మ పైసెట్టే జారింది. గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది. పంక్తిలో మగపెళ్ళివారితో సహా అందరూ తినడం ఆపేశారు. సరిగ్గా అప్పుడే ఫ్లాష్ వెలిగింది. ఆ ఫోటోగ్రాఫర్ని ఇద్దరూ చచ్చేదాకా తిట్టారు.

నాయనమ్మ చెయ్యి కడుక్కుని నేరుగా పందిట్లో మూల కుర్చీలో ఉన్న తాతయ్య దగ్గరికెళ్ళి నిలబడింది. "ఆకియ్యండి," అంది.

తాతయ్య చొక్కా జేబులోంచి చుట్టిన చిలక తీసిచ్చాడు. పెళ్ళి హడావుడిలో కూడా ఆవిడది చుట్టి జేబులో వేసుకొచ్చాడన్నమాట. నాయనమ్మ ఆయన పక్కనే కూర్చుని నమిలి, నాలిక బయటపెట్టింది. ఆయన వంగి చూసి తల ఊపాడు. నాకెందుకో కడుపు నిండినట్టనిపించింది, అప్పటికి నేనింకా భోంచెయ్యలేదు.

ఆ తర్వాత తీసిన ఫోటోలో నాయనమ్మ నోరు మళ్ళీ నల్లగానే పడింది. తాతయ్య కెమెరా వంక కాకుండా ఆవిడ వంక చూస్తున్నాడు. తెల్లపళ్ళ ఫోటోలన్నీ ఆల్బంలో మిగిలిపోయాయి. గోడకి కట్టించుకున్నది మాత్రం ఈ ఒక్కటే. ఎవరైనా చూసి "పాపం, పళ్ళు లేవా?" అంటే, "మా ఆయనకి ఆరున్నయిలే," అనేది.

తర్వాత ఏడేళ్ళకి తాతయ్య పోయాడు. నాయనమ్మ ఆకు మానేసింది. ఎవరూ మానమనలేదు. నాన్నే పెట్టె తెచ్చి ముందు పెట్టి వేసుకోమంటే, "నాకు చుట్టుకోడం రాదురా," అంది. నిజమే, యాభై ఏళ్ళలో తన చిలక తను చుట్టుకోలేదు. నాన్న చుట్టిస్తానన్నా వద్దంది. ఏడాది తిరిగేసరికి పళ్ళు వాటంతటవే తెల్లబడుతూ వచ్చాయి. డాక్టరు లేడు, చింతపండు లేదు. ఆ తెలుపు చూసి నాకు ఏడుపొచ్చింది.

సంవత్సరీకానికి అమ్మమ్మ వచ్చింది. మధ్యాహ్నం వసారాలో కూర్చుని, మాటల మధ్య నాయనమ్మ నోటివంక చూసి మాట ఆపేసింది. లేచి గూట్లోంచి ఆకుల పెట్టె తెచ్చింది. జన్మలో ఆకు వేసుకున్న మనిషి కాదు. తొడిమ తుంచడం మర్చిపోయి, వేలెడు సున్నం పూసి, ఏదో ఒక ఆకారంలో మడిచి, "పట్టండి వదినగారూ," అంది. నాయనమ్మ కాసేపు దానివంక చూసి నోట్లో పెట్టుకుంది.

"సున్నం ఎక్కువైందండీ. నోరు పొక్కుద్ది."

"ఉమ్మేయండి మరి."

"ఎందుకు ఉమ్మేయాలి? ముప్ఫై రెండున్నయి నాకు," అని నమిలింది. నములుతుంటే కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఎదురుగా అమ్మమ్మకీ కారాయి, ఆవిడ ఆకు వేసుకోకపోయినా. సున్నం ఘాటుకే అని ఇద్దరూ ఒప్పేసుకున్నారు.