ఆయిల్ పైకెక్కనీ అప్పా!

బెంగళూరు దగ్గరి యలహంక పాతూళ్లో భాగీరథమ్మ ఉండే వీధిలో, పొద్దున్నే కారు స్టార్ట్ చేసి వెంటనే యాక్సిలరేటర్ తొక్కే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. తొక్కాడా, ఆవిడ కారుకు అడ్డంగా వచ్చి రెండు చేతులూ చాపి నిలబడుతుంది.

"ఆయిల్ పైకెక్కనీ అప్పా! రాత్రంతా కింద పండుకునుండాది. లేచి ఒళ్లు విరుచుకోవద్దా?"

పైన అంటే ఇంజను నెత్తిన. అక్కడ క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ తిరుగుతూ వాల్వుల్ని తెరిచి మూస్తుంటుంది. ఆయిల్ అందకముందే దాన్ని పరుగెత్తిస్తే ఒరుసుకుని అరిగిపోతుంది. ఆయిల్ వేళకు మార్చకపోయినా అంతే. ఈ జ్ఞానం ఆవిడకు భర్త గోపాలప్ప పుణ్యమా అని అబ్బింది. ఆయన స్టార్ట్ చేయగానే కారును గర్రుమనిపించేవాడు, ఆయిల్ మార్చమంటే "వచ్చే నెల" అనేవాడు. కొత్త కారు క్యామ్‌షాఫ్ట్ కాస్తా సబ్బుబిళ్లలా అరిగిపోయింది. ఆయన పోయినప్పటికంటే ఆ కారు పోయినప్పుడే భాగీరథమ్మ ఎక్కువ ఏడ్చిందని గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లూ అంటారు.

ఆవిడ చేతికి బాగా చిక్కింది ఎదురింటి అద్దెగదిలో ఒంటరిగా ఉండే అంబిక. పాత కారు కొనుక్కుని ట్యాక్సీ నడుపుతోంది.

"అవ్వా, ఏర్‌పోర్ట్ ట్రిప్పు ఉండాది, లేటైతాది!"

"స్వల్ప ఉండు పాపా, ఇంకా ఎక్కలేదు. ఊరికే కూర్చునే బదులు ఈ రెండిడ్లీలు తినరాదా?"

అంతటితో ఆగదు. అప్పుడప్పుడూ మట్టం చూసే డిప్‌స్టిక్ కడ్డీ లాగి, ఆయిల్‌ను వేళ్లతో రుద్ది, వాసన చూసి, "నల్లబడింది, ఈ వారమే మార్పించు" అని హుకుం జారీ చేస్తుంది. ఏ జన్మలో చేసుకున్న పాపమో అనుకుంటూ అంబిక ఇడ్లీ నమిలేది.

ఇంతలో ఆడవాళ్లే నడిపే ట్యాక్సీల కంపెనీ ఒకటి అంబిక కారును పరీక్షిస్తానంది. పాసైతే రోజూ పని. లేదంటే కారు అమ్ముకుని ఊరికి బస్సెక్కడమే. తీరా పరీక్ష రోజున ఇంజను టకటకమంది. కంపెనీ తరఫున వచ్చిన మంజునాథ్ పెదవి విరిచాడు.

"క్యామ్‌షాఫ్ట్ పోయుండాది. పాత బండి కదా."

అంబిక ఊరి బస్సుకు వేళ లెక్కేసుకుంది. భాగీరథమ్మ మాత్రం కొంగు బిగించింది.

"పోయుండాదా? మూత తెరువప్పా! అరిగుంటే ఈ వీధిలో నేనింక నోరెత్తను."

ఆ మాటకు వీధంతా మూగింది. అరిగి ఉండాలని కొందరు లోలోపల మొక్కుకున్నారు కూడా. మంజునాథ్ మూత విప్పి టార్చి వేశాడు, గోటితో గీసి చూశాడు. ఒక్క గీత లేదు, అరుగు లేదు. కొత్త గిన్నెలా తళతళలాడుతోంది! టకటకలాడింది వదులైన ఒక వాల్వు. బిగించగానే నోరు మూసుకుంది.

"పాస్! ఇంత పాత బండిలో ఇట్లాంటి క్యామ్‌షాఫ్ట్ చూళ్లేదమ్మా. ఏం చేస్తావు?"

"పొద్దున్నే ఆగుతాను సార్, ఆయిల్ పైకెక్కేదాకా. ఓ పావుగంట."

"పావుగంటా! అర నిమిషం చాలమ్మా."

అంబిక గిర్రున తిరిగింది. "అవ్వా! మరి నన్ను ఇన్నాళ్లూ..."

"ఇంజనుకు అర నిమిషమే" అంది భాగీరథమ్మ తల ఎగరేసి. "నీకు రెండిడ్లీలు గొంతు దిగేకి పావుగంట పడ్తాది. తినిపో అంటే నిలబడేదానివా నువ్వు?"

అంబికకు నవ్వాగలేదు. కంపెనీ స్టిక్కరు అద్దానికి అతికిస్తూ అంది:

"రేపట్నించి చట్నీ కొంచెం ఎక్కువెయ్యవ్వా!"