పరదాలు దించిన ఆటో

ఉద్యోగం ఇబ్రహీంపట్నంలో అనగానే మా ఇంట్లో అందరూ విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం అనుకున్నారు. "ఇంకేం, వారం వారం వచ్చిపోవచ్చు" అన్నాడు అన్నయ్య. అది కాదు, హైదరాబాద్ దాటాక సాగర్ రోడ్డు మీద ఉండేదని చెప్పాక అన్నయ్య రైళ్ళ టైములు వెతకడం మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్ పని. నాకప్పటికి ముప్పై ఒకటి. భీమవరం వదిలి ఒక్కదాన్నే ఎక్కడా ఉండలేదు.

గది దొరికింది హైవేకి కిలోమీటరు లోపల, ఒక కొత్త కాలనీలో, మేడ మీద. మధ్యలో ఇళ్ళు లేవు. సున్నం కొట్టిన హద్దురాళ్ళు, నడుమెత్తు గడ్డి, కుక్కలు. ఇంటావిడ వాళ్ళది అదే నేలలో కంది, జొన్న పండించిన కుటుంబం. మొదటి రోజు గేటు దగ్గరే నిలబెట్టి అడిగింది.

"ఒక్కదానివే ఉంటవా?"

"అవునండీ."

"బండి లేదా?"

"నడపడం రాదండీ."

"మరెట్ల పోతవ్, ఎట్ల వస్తవ్?"

కసురుకుంటోందనుకున్నాను. అక్కడి మాట తీరే అంతని తెలియడానికి నెల పట్టింది. అప్పటిదాకా ఆవిడ మెట్లెక్కుతున్న చప్పుడు వినబడితే చాలు, ఏం తప్పు చేశానోనని లేచి నిలబడేదాన్ని. గడియ పెట్టిన తలుపుకి కుర్చీ కూడా ఆనించేదాన్ని. కుక్కలు దగ్గరికి రాకుండా గొడుగు తెరిచి పట్టుకుని నడిచేదాన్ని. అది చూసి ఆవిడే చెప్పింది: "గొడుగు ఇప్పకు. గవి బెదిరి మీదికొస్తయ్." అవి నాకు భయపడతాయన్న ఆలోచనే నాకు రాలేదు.

రెండో శనివారం మధ్యాహ్నం అదే రోడ్డు మీదున్న తుర్కయాంజాల్ బజారుకి వెళ్ళాను. ఒక బకెట్, చిన్న కుక్కర్, రెండు గిన్నెలు కొని, అన్నీ బకెట్లో సర్దుకుని షేర్ ఆటో ఎక్కాను. నడిపేది అరవై దాటిన మనిషి. మెడలో తువ్వాలు. నాతోపాటు ఇద్దరు ఆడవాళ్ళు, ఒకాయన ఉన్నారు. దారిలో వాన మొదలైంది. డ్రైవరు ఆటో ఆపి రెండు పక్కలా పరదాలు దించాడు. కాసేపటికి మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దిగిపోయారు.

పరదాల లోపల నేనూ బకెట్టూ మిగిలాం. బయట ఏమీ కనిపించడం లేదు. ముందు అద్దంలోంచి మాత్రం కొంచెం రోడ్డు. ఆ రోడ్డు ఉన్నట్టుండి ఎడమకి తిరిగి మట్టిబాట అయింది.

"అన్నా, ఎటు వెళ్తున్నారండీ?" అన్నాను.

ఆయన తిరగలేదు. ఇంజను మోతా, పైన వాన మోతా. మళ్ళీ అడిగాను. నాకే సరిగా వినబడలేదు నా గొంతు. ఆయన చెయ్యి పైకెత్తి ముందుకు ఏదో చూపించాడు. అటు మట్టిబాట తప్ప ఏమీ లేదు. ఫోన్ తీశాను. ఎవరికి చెయ్యాలి? ఇంటావిడ నంబరు గదిలో కాగితం మీద ఉంది. అన్నయ్యకి చేస్తే, ఎక్కడున్నావంటే ఏం చెప్పను?

ఒక గుంట దగ్గర ఆటో నెమ్మదించింది. పరదా తోసుకుని దూకేశాను.

మోకాలు రాయికి తగిలింది. అరచేతులు బురదలో కూరుకున్నాయి. లేచి పరుగెత్తాను. ఎటో చూడలేదు. దూరాన రేకుల కొట్టం కనిపిస్తే అటు వెళ్ళాను. అక్కడ ఒక ముసలావిడ బర్రెను లోపల కట్టేస్తోంది.

"ఏమైంది బిడ్డా?"

వెనక్కి చెయ్యి చూపించాను. వానలో ఆ డ్రైవరు నడిచి వస్తున్నాడు, నా బకెట్ రెండు చేతులతో పట్టుకుని. నేను వెళ్ళి ముసలావిడ వెనక నిలబడ్డాను. ఆయన పది అడుగుల దూరంలోనే ఆగిపోయాడు. బకెట్ కింద పెట్టాడు. అందులో కుక్కర్ మూత గలగలమంది.

"ముంగట లారీ పడ్డది, రోడ్డంతా జామయింది" అన్నాడు, నాతో కాదు, ఆవిడతో. "ఇట్లకెల్లి పోతె వీళ్ళ కాలనీ ఎనకకు ఎక్కుతది. జర తొందరగ దింపుదామనుకున్న. ఇగో, దుంకింది."

"చెప్పి మలుపొద్దా మరి?" అందావిడ. ఆయన తనకి తెలిసినవాడేనని ఆ గొంతులోనే తెలిసింది.

"చెయ్యి జూపించిన గదా." అప్పుడు నా వైపు చూశాడు. "నీకేమన్న అయితె, నేను చెప్పేది ఎవరు ఇంటుండె? జనం ముందుగాల నన్ను గొట్టి తర్వాత అడుగుతుండిరి."

సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన అబద్ధం చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది. "ఎక్కు, దింపుత" అన్నాడు. కాలు కదల్లేదు. తెలిసినా కదల్లేదు. ముసలావిడ నా మొహం చూసింది. తప్పు నీదనలేదు, ఆయనదీ అనలేదు. పలుపు ముడి బిగించి, తల మీద గోనె సంచి కప్పుకుంది.

"పా, నేను గూడ వస్త."

నా పక్కనే కూర్చుంది. పేడ వాసన వేసే ఆ చేతిని మా గేటు దాకా వదల్లేదు నేను. నేను దిగాక ఆయన ఆవిణ్ణి మళ్ళీ కొట్టం దగ్గర దించడానికి ఆటో తిప్పాడు. కిరాయి తీసుకోలేదు.

ఇంటావిడ మోకాలికి పసుపు అద్దుతూ అంతా విన్నది. తిడుతుందనుకున్నాను.

"మంచిగ చేసినవ్. ఇంకోసారి అనుమానమైనా దుంకు" అంది. "ఫికర్ చెయ్యకు. నా నంబర్ మాత్రం ఫోన్ల ఎక్కించుకో, కాగితం మీద కాదు."

ధైర్యం వచ్చిందని చెప్పలేను. సోమవారం స్టాపులో మూడు ఆటోలు వదిలేసి నాలుగోది ఎక్కాను, అదీ అందులో ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు కాబట్టి. పరదాలు దించితే ఇప్పటికీ అంచు కొంచెం పైకి పట్టుకుని కూర్చుంటాను.

నెల తర్వాత ఆ ముసలాయన ఆటో వచ్చింది. స్టాపులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఖాళీ ఆటో. నన్ను చూసి నెమ్మదించాడు, గుర్తుపట్టాడు. క్షమాపణ చెప్పాలని రెండడుగులు ముందుకు వేశాను. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. తర్వాత పక్క ఆటో అతను చెప్పాడు, వాన పడితే ఆయన ఒంటరి ఆడమనిషిని ఎక్కించుకోవడం మానేశాడట. ఆ రోజు వాన కూడా లేదు.

ఆయన ఆపనందుకు బాధపడ్డాను. గుండె కుదుటపడింది కూడా. ఇంకో ఇద్దరు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.