ఒక్క చుట్ట కోసం ఎమ్మిగనూరు ప్రయాణం

మా మామ ఈరన్న, అంటే మా అమ్మ తమ్ముడు, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో హమాలీ. మీసాలు రాకముందు నుంచే చుట్ట అలవాటు. అయినా ఆయన చుట్ట తాగగా నేను చూసింది తక్కువ, కొరకగా చూసింది ఎక్కువ. పత్తి ఉన్న చోట నిప్పు కూడదు కాబట్టి మిల్లులో హమాలీలు వెలిగించని చుట్టను పళ్ళ మధ్య పట్టుకుని బోరాలు మోస్తారు. గేటు బయట టీ బంకు దగ్గర వెలిగించి గబగబా నాలుగు దమ్ములు లాగుతారు. లారీ హారన్ వినపడగానే కొస నలిపేసి లోపలికి పరుగెత్తుతారు. పోయిన నెల మామ కూతురు పద్మ పుట్టింట్లో ప్రసవించింది. బిడ్డను తొట్టెలలో వేసిన రోజున ఆమె తేల్చి చెప్పింది. "నాయనా, ఈ కంపుతో నా బిడ్డను ఎత్తుకోవద్దు. నువ్వు చుట్టన్నా మాను, లేకుంటే నేను మా అత్తగారింటికన్నా పోతా." మామ తొట్టెలలోకి ఒకసారి తొంగి చూశాడు. తర్వాత "ఒగటి తాగి మానుకుంటా తల్లీ. ఆ ఒగటి మాత్రం నిమ్మళంగా కూర్చోని తాగుతా" అన్నాడు. పద్మ ఒక వేలు చూపించి "ఒగటే" అంది. ఆ ఒక్కదాని కోసమే మేమిద్దరం బయల్దేరాం.

ఎమ్మిగనూరులో చేనేత వీధుల మొదట్లో మాబున్నక్క అనే ఆమె పొడుగు చుట్టలు చుడుతుందని మిల్లులో ఎవరో చెప్పారు. ఉదయం ఆదోని బస్టాండు ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఖాళీ కడుపుతో చుట్ట తాగితే తల తిరుగుతుంది కాబట్టి మీరు కూడా తినే బయల్దేరండి. ఎమ్మిగనూరుకు బస్సులు తరచుగా ఉంటాయి. గంట ప్రయాణం, టికెట్ యాభై రూపాయలకు అటూ ఇటూ. ఊరు దాటాక రెండు వైపులా నల్లరేగడి, తెల్లగా విచ్చిన పత్తి, ఎదురుగా పత్తి లారీలు. మామ నోట్లో ఏమీ లేకపోయినా దవడ ఆడుతూనే ఉంది. కండక్టర్ అది చూసి "ఏం పెద్దాయనా, ఆకూవక్కనా? బస్సులో ఉమ్మేవు" అన్నాడు.

"నోట్లో ఏం లేదప్పా. పండ్లకు తెలీదు ఇంకా" అన్నాడు మామ.

బస్టాండు నుంచి షేర్ ఆటోలో ఇరవై రూపాయలకు చేనేత వీధుల దగ్గర దిగాం. మగ్గాల చప్పుడు మలుపు తిరగక ముందే వినపడింది. మాబున్నక్క ఇల్లు రోడ్డు మీదే ఉంది. అరవై దాటిన మనిషి, ముందు బండ మీద తడిగుడ్డ కింద పొగాకు పెట్టుకుని కూర్చుంది. ఆమె దగ్గర కొనేది ఎక్కువగా నేతగాళ్ళే. నిప్పురవ్వ పడితే మగ్గం మీది పడుగు నూలు కాలిపోతుంది కనుక వాళ్ళు మగ్గం గుంట నుంచి లేచి, బయట అరుగు మీద తీరిగ్గా కూర్చుని తాగుతారట. అందుకని జానెడు పొడవు, చిటికెన వేలంత లావు చుడుతుంది. "పొగ దూరం నడిసొస్తే సల్లగా వస్తాది" అంది. మామ ఎందుకొచ్చాడో విని, ఆకు ఈనె తీసి, కొత్తగా ఒకటి చుట్టి ఇచ్చింది. మామ అలవాటుగా దాన్ని పళ్ళ మధ్య పెట్టాడు.

"కొరకద్దప్పా! సెరుకుగడ అనుకున్నావా? పెదాలతో పట్టుకో సాలు."

అగ్గిపుల్ల గీశాక మందు వాసన పోయేదాకా ఆగమంది. మంటను కాస్త దూరంగా పట్టి, చుట్టను తిప్పుతూ కొస చుట్టూ సమంగా అంటుకునేటట్టు వెలిగించమంది. మామ అలాగే చేశాడు. రెండు దమ్ములు లాగాడో లేదో, రోడ్డు మీద పత్తి లారీ హారన్ కొట్టింది. మామ వేళ్ళతో కొస నలిపేసి, చుట్టను గుప్పిట్లో దాచుకుని లేచి నిలబడ్డాడు. కాలు ముందుకు కూడా వేశాడు.

"యాడికప్పా పోతాండావు? నీ మిల్లు ఆదోనిలో ఉండాది" అంది మాబున్నక్క. నేను నవ్వాను. మామ నవ్వలేదు. గుప్పిట విప్పి చూశాడు. కొస చితికిపోయింది, పై ఆకు పొడవునా చీలింది.

ఆమె తడిగుడ్డ కింద నుంచి ఇంకొకటి తీసింది. "ఇంద, ఇది తాగు. అది లెక్కలోకి రాదులే." తీసుకో మామా అని నేనూ అన్నాను.

"నా కూతురికి ఒగటే అని సెప్పినా."

"ఆ పాప ఈడికొచ్చి సూస్తాదా?"

"రాదు. అందుకే వద్దంటాండా."

మాబున్నక్క చితికిన చుట్టను ఆయన చేతిలోంచి తీసుకుంది. కత్తెరతో కాలిన కొస కత్తిరించింది. పక్కింటికి పోయి, నూలుకు పట్టించే గంజి వేలి మీద తెచ్చి చీలికకు రాసి, ఆకును అతికించి నీడలో ఆరబెట్టింది. తర్వాత మామ పీటను గోడవైపు తిప్పి వేసింది. "లారీలకు ఈపు పెట్టి కూర్సో."

ఈసారి మామ నిదానంగా తాగాడు. ఒక దమ్ము తర్వాత ఇంకో దమ్ముకు మధ్య ఇద్దరూ వానల గురించి, పత్తి ధర గురించి మాట్లాడుకున్నారు. పొగ గొంతులోకి దిగనివ్వకుండా నోట్లో ఉంచి వదిలాడు. చుట్ట వేడెక్కినప్పుడు ఆమె "ఆగు, దాన్నీ ఊపిరి తీసుకోనీ" అంది. నుసిని దులపలేదు, అదే పెరిగి అదే రాలింది. వెనక మొదటి హారన్‌కు మామ భుజాలు బిగుసుకున్నాయి. మూడోదానికి కదల్లేదు. "అల్లుడా, దీంట్లో ఏంచిన శెనక్కాయల వాసనొస్తాది. ఇన్నేండ్లూ తెలీనేలేదు" అన్నాడు. మూడు వేళ్ళంత మిగిలినప్పుడు మాబున్నక్క చాలంది.

"ఇంకా బాగుండాది కదక్కా."

"ఇంగ సేదు మొదలైతాది. బాగున్నప్పుడే పెట్టెయ్."

మామ దాన్ని నలపలేదు. బండ అంచున పెట్టాడు. అది దానంతట అదే ఆరిపోయేదాకా చూసి లేచాం.

సాయంత్రం ఇంటికొచ్చి మామ స్నానం చేసి, బట్టలు మార్చుకుని నిలబడ్డాడు. పద్మ ఆయన చేతులు వాసన చూసింది. "ఎన్ని?" అంది. "ఒగటే" అన్నాడు. ఆమె నావైపు తిరిగింది. "ఒగటే" అన్నాను. బిడ్డను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

చుట్ట ఆరోగ్యానికి మంచిదని నేను చెప్పను. మామ ఇప్పటికీ మానే ఉన్నాడు. మిల్లులో పళ్ళ మధ్య లవంగం పెట్టుకుంటున్నాడు. కొనే మనిషి ఇక రాడని తెలిసి కూడా మాబున్నక్క ఆ పూట మాకోసం కూర్చుంది. పక్కింటి వాళ్ళు ఎందుకని అడక్కుండా గంజి ఇచ్చారు. బతుకంతా పరుగులో తాగిన మనిషికి ఒక్కసారి కూర్చుని తాగే తీరిక దొరికింది. అది దగ్గరుండి చూసినందుకు వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను. మీరు వెళ్తే ఉదయం పదిలోపే చేరండి, ఎండ ముదిరితే ఆకు బిరుసెక్కుతుంది. ఇంకొకటి, వెలిగించే ముందే చూసుకుని, మీ పని మిమ్మల్ని ఏ వైపు నుంచి పిలుస్తుందో ఆ వైపుకు వీపు పెట్టి కూర్చోండి.