నాలుగు ఖాళీ బెజ్జాలు

మొన్న ఆదివారం పొద్దున మా పైవాటాలో అద్దెకుండే కిరణ్ ఒక గోడ గడియారాన్ని చంటిబిడ్డలా ఎత్తుకొని వరండాలోకి వచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్నాడట. "తాతా, నూరేండ్ల కిందటిది. సర్టిఫికెట్ సుత ఇచ్చిండ్రు" అన్నాడు. నేను సర్టిఫికెట్ ముట్టుకోలేదు. గాజు తలుపు తెరిచి, అంకెలు అచ్చువేసిన కాగితానికి ముక్కు ఆనించాను. చల్లారిన టీ వాసన. కొత్త కాగితాన్ని చిక్కటి డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే ఒక్క పూటలో దానికి నూరేళ్లు మీద పడతాయి. ఆ వాసన పట్టడం నాకు నేర్పిన మనిషి రాజమౌళి సేటు.

కిరణ్ ముఖం చిన్నబోయింది. వాణ్ని ఓదార్చడం మాని నేను గొప్పలకు దిగాను. "వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు ఊర్లల్ల, కండ్లకు గంతలు కట్టినా సరే, చప్పుడు విని గడియారం వయసు చెప్పెటోడు ఒక్కడే మిగిలిండు బిడ్డా. గా ఒక్కడు నీ ముంగట కూసున్నడు. నాకు పని నేర్పిన సేటు చేతివాటాన్ని సుత పట్టుకున్నోణ్ని నేను" అన్నాను. వాడు నమ్మాడు. అందుకే మిగతాది రాయాల్సి వస్తోంది.

రాజమౌళి సేటును మీరు చూడలేదు కనుక చెబుతాను. వరంగల్ స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో, రెండు బట్టల కొట్ల మధ్య ఇరుక్కున్న సన్నటి దుకాణం ఆయనది. పంచె, బనీను, కుడికంట్లో బిగించిన భూతద్దం. పాత కీ గడియారాలు కొనేవాడు, బాగుచేసేవాడు, ఎవరైనా తెస్తే విలువ కట్టి చెప్పేవాడు. గోడల నిండా గడియారాలే, ఏ రెండూ ఒకే టైము చూపేవి కావు. ఎందుకని అడిగితే, "అన్ని ఒక్క తీరుగ చెప్తే నాకు అనుమానమొస్తది" అనేవాడు. తొందరపడే మనిషిని అనుమానించేవాడు, పొగిడే మనిషిని ఇంకా ఎక్కువ అనుమానించేవాడు. చాయ్ గ్లాసు ముందు పెడితే ముందు లోపలికి తొంగిచూసేవాడు.

నేనప్పుడు నర్సంపేటలో రైసుమిల్లు గుమస్తాను. పల్లెల్లో ఎవరింటి గోడ మీదనైనా పాత గడియారం కనిపిస్తే బేరమాడి కొని, ఆదివారం బస్సెక్కి సేటు దగ్గరికి తెచ్చేవాణ్ని. మొదటిసారి తెచ్చింది పాలకుర్తి దగ్గర ఒక ఇంట్లో కొన్నది. దొరల గడీలో మోగిన గడియారమని ఇంటివాళ్లు ఒట్టేసి చెప్పారు. ఆ కథంతా సేటుకు రెండింతలు చేసి వినిపించాను. ఆయన ముందువైపు చూడనే లేదు.

"ముందుగాల దాని లోపటి ఈపు సూపియ్యి" అన్నాడు. ముళ్లు ఊడదీసి, అంకెల పళ్లెం తప్పించి, లోపలి చెక్క పలక మీద వేలు పోనిచ్చాడు. వేలు ఒకచోట ఆగింది. "గీ నాలుగు బొక్కలు ఎవ్వలియి?" అన్నాడు. మిషిన్ను బిగించిన నాలుగు స్క్రూలు కాక, పక్కనే మరో నాలుగు ఖాళీ బెజ్జాలున్నాయి. "అసలు మిషిను గీడ ఉండె. దాన్ని ఎవడో గుంజుకపోయిండు. ఇంకోదాన్ని తెచ్చి గిందుల కూసోవెట్టిండ్రు. గిది అతుకుల బొంత, మల్లేశం."

"మరి దొరల గడీ?"

"కథకు నేను పైసలియ్య. కథ నువ్వే ఉంచుకో."

ఆ రోజే ఇంకో సంగతి కూడా చెప్పాడు. గడియారం బాగుచేసిన ప్రతివాడూ మిషిను వెనక ఇత్తడి రేకు మీద సూదితో తన గుర్తు గీకిపెడతాడట. దవాఖాన చిట్టీ లాంటిదన్నమాట. "మిషిను ఇప్పి, రేకు సదివినంకనే నోరు తెరువాలె" అన్నాడు. నాకు ఖాళీ బెజ్జాలు గుర్తుండిపోయాయి. అవి కనిపెట్టడం సులువు, నలుగురిలో చూపిస్తే గొప్పగా ఉంటుంది. రేకు చదవాలంటే మిషిను విప్పాలి, చేతులకు నూనె అంటుతుంది.

విలువ మాత్రం తెచ్చిన రోజు చెప్పేవాడు కాదు. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడవాల్సిన గడియారం నిజంగా ఎనిమిది రోజులు నడుస్తుందో లేదో గోడకు వేసి చూసేవాడు. ఒకసారి హసన్‌పర్తి నుంచి ఒక ముసలమ్మ గడియారాన్ని చీరకొంగులో చుట్టి తెచ్చింది. చేతికెంతొస్తే అంతకు ఇచ్చి పోతానంది. సేటు ఎనిమిది రోజులు ఆగమన్నాడు. తొమ్మిదో రోజు ఆమె వచ్చేసరికి నేనక్కడే ఉన్నాను. "అవ్వా, ఎంతొస్తె అంతకు ఇయ్యకు. గిది పుట్టిన కాడికెల్లి ఒక్క మర సుత మారలె. ఇంటికి తీస్కపో. ఎవడన్న కొంట అని ఎంట వడితే వాణ్ని అనుమానపడు" అన్నాడు. ఆమె కదలకుండా ఆయన్నే చూసింది. ఇందులో ఏదో మోసముందని ఆమె అనుమానం. గడియారాన్ని మళ్లీ కొంగులో గట్టిగా చుట్టుకొని, వెనక్కి చూస్తూ పోయింది. సేటు ముఖంలో ఆనాడు కనిపించినంత తృప్తి నేను మళ్లీ చూడలేదు.

కళ్లకు గంతల సంగతి ఇక్కడే ఒప్పుకుంటాను. ఒకనాడు సేటు నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టి, ఒక గడియారం నడిపించి వయసు చెప్పమన్నాడు. చెవులు రిక్కించి, "డెబ్బై ఏండ్లకు తక్కువుండదు" అన్నాను. తిరిగి చూస్తే, బడిపిల్లలు చదువుకోవడానికి కొనుక్కునే చిన్న అలారం టైంపీసు, దాని మీద కొట్టువాడి చీటీ కూడా చింపలేదు. చప్పుడును బట్టి నేను చెప్పగలిగింది ఒక్కటే. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమానంగా లేకపోతే గడియారం గోడకు వంకరగా వేలాడుతోందని. అది మా ఆవిడ సరోజన కూడా చెప్పగలదు.

ఇక సేటు చేతివాటం. సరోజన పుట్టింటివాళ్లు ఆమెకిచ్చిన గడియారం ఒకటి మా ఇంట్లో ఉండేది. వాళ్ల నాన్న రోజూ దాన్ని చూసే పొలానికి కదిలేవాడట. అది ఆగిపోతే సేటుకిచ్చాను. ఎనిమిది రోజులన్నది మూడు వారాలైంది. ఇంటికి తెచ్చాక ఊరుకోలేక పళ్లెం తప్పించి టార్చి వేశాను. నాలుగు ఖాళీ బెజ్జాలు! మిషిన్ను పట్టుకున్న స్క్రూలు కొత్తగా మెరుస్తున్నాయి. నా ఒళ్లు మండింది. మూడు వారాలు ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైందనుకున్నాను.

మర్నాడు మిల్లు ఎగ్గొట్టి పోయాను. దుకాణంలో ముగ్గురు కొనేవాళ్లున్నారు. నాకు కావలసిందీ అదే. "సేటూ, మా మామ మిషిను ఏడ వోయింది? నాలుగు బొక్కలు ఖాళీగున్నయి. నువ్వు సెప్పిన పాఠమే గదా!" అన్నాను. ఆయన కంట్లోంచి అద్దం తీసి నన్ను చూశాడు.

"పూరా సూసినవా?"

"సూసిన."

"అయితే ఇగ నీకే ఎరుక" అని మళ్లీ అద్దం బిగించుకున్నాడు.

తప్పు చేయనివాడైతే తిట్టడా, కొట్టడా అనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు మిల్లులో, బస్సుల్లో, గడియారమున్న ప్రతి ఇంట్లో చెప్పుకుంటూ తిరిగాను, సేటుకు గడియారమిస్తే డబ్బా ఒక్కటే తిరిగొస్తుందని. ఊరూరా తిరిగేవాణ్ని కనుక నా మాట కూడా తిరిగింది. మనిషి మాట మీద నడిచే వ్యాపారం అది. వచ్చేవాళ్లు తగ్గారు. ఆ దారిన పోతూ చూస్తే సేటు ఒక్కడే, గోడల మీద గడియారాలూ.

ఒక పండుగనాడు బావమరిది ఐలయ్య మా ఇంటికొచ్చి, గడియారాన్ని చూసి నవ్వాడు. "ఇంకా నడుస్తాంది గదా బావా! సున్నమేసేటప్పుడు దీన్ని నేనే కింద వడేసిన. ఎనక పలక మిషిను కాడ పలిగింది. నాయిన పొలం కాడికెల్లి వచ్చేలోపు వడ్రంగాయనతోని పలకను తలకిందులు చేపిచ్చి, కొత్త బొక్కలు కొట్టిచ్చి, అదే మిషిన్ను బిగిపిచ్చిన. అక్కకు సుత చెప్పలె."

ఐలయ్య వెళ్లాక మిషిను విప్పాను. ఇత్తడి రేకు మీద సన్నగా గీసి ఉంది, నర్సంపేటలో ఎవరో బాగుచేసినవాడి గుర్తు, పక్కన మా మామ పేరు. దాని కింద కొత్తగా 'రా' అని సేటు గుర్తు. మిషిను మాదే, సేటు మార్చింది పాత స్క్రూలను మాత్రమే. పూరా సూసినవా అని ఆయన అడిగింది ఈ రేకు గురించే. నేను చేతులకు నూనె అంటకుండానే ఒక మనిషి పేరును పాడుచేశాను.

ఆ ఆదివారమే గడియారంతో దుకాణానికి వెళ్లాను. నలుగురి ముందు అన్న మాటను నలుగురి ముందే వెనక్కి తీసుకున్నాను. సేటు నా చెయ్యి పట్టుకొని, "జర ఆలస్యమైంది గని, పూరా నేర్చుకున్నవ్" అన్నాడు. ఇద్దరం చెరో చాయ్ తాగాం. ఈనాటికీ ఎవరి మీదైనా అనుమానం పుడితే ఎనిమిది రోజులు నోరు కట్టుకుంటాను. ఆ ఎనిమిది రోజులూ నన్ను నేనే అనుమానించుకుంటాను. ఆయన దగ్గర్నుంచి నేను తెచ్చుకున్నది అదే.

ఇంతవరకు రాసి సరోజనకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. చివరికి చేతులు ఆపింది.

"ఏందయ్యా గిది? దుకాన్లకు నువ్వెప్పుడు పోయినవ్? గడియారం సంకల వెట్టుకోని పోయింది నేను. నువ్వు రోడ్డు అవుతల పండ్లబండి కాడ జామకాయలు ఏరుకుంట నిలవడ్డవ్. సేటు నిన్ను సూడనే సూసిండు. 'అమ్మా, మాట అన్నది మీ ఆయన. ఆయన్నే రమ్మను, కుర్సీ ఏసి కూసోవెడ్త' అన్నడు. వచ్చి నీకు చెప్పిన. వచ్చే ఐతారం పోత అన్నవ్. ఎన్ని ఐతారాలు వాయె! ఆయన సచ్చిపోయిన్నాడు సుత గల్లీ మొగదలనే ఆగినవ్. చాయ్ లేదు, ఏం లేదు. నువ్వు మాఫీ అడగనే లేదు. గది రాయి."