బండ మీద నీడ గీతలు

ఈ ముచ్చట నేను ఇంతకు ముందు రాయలేదు. నాకు అప్పటిదాకా అక్షరాలు రావు, అందుకని. అరవై రెండేళ్లు నిండినాక వచ్చాయి. మా అపార్టుమెంటు కింద, కార్లు పెట్టే జాగాలో, వాచ్‌మన్ల ఇళ్ల ఆడవాళ్లకు ఒక రిటైరైన టీచరమ్మ సాయంత్రాలు చదువు చెబుతుంటే నేనూ పోయి చాప మీద కూర్చున్నాను. మొదట్లో పట్టుకున్న పెన్సిలల్లా విరిగేది. కంకర కొట్టిన వేళ్లు కదా, మెల్లగా పట్టుకోవడం వాటికి తెలియదు. "అమ్మా, అది గడ్డపార కాదు" అని టీచరమ్మ నవ్వేది.

మా చెల్లె చాలాసార్లు "అక్కా, నువ్వు చెప్పు, నేను రాస్త" అన్నది. సైన్సు టీచరుగా పనిచేసిన మనిషి, ఆమెకు అది గంట పని. నేనే వద్దన్నాను. ఆమె రాస్తే ఆమె చదువు కథ అవుతుంది. నేను చేసింది నేనే రాసుకోవాలని నా పంతం. చదవడం వచ్చాక ఆమె బీరువాలోంచి తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా నేను చదివిన మొదటి పుస్తకం ఆమె ఏడో తరగతి సైన్సు నోటుపుస్తకం. చదువుతుంటే అందులో చాలా మటుకు నాకు ముందే తెలుసు.

డెబ్బైల మొదటి మాట ఇది. రాయదుర్గం పక్కన అప్పుడు ఎటు చూసినా బండలు, బండల సందున సీతాఫలం చెట్లు, పల్లంలో ఇంత వరి. మా నాయన బండలు చీల్చేవాడు. అమ్మా నేనూ కంకర కొట్టేవాళ్లం, గంపలకెత్తి మోసేవాళ్లం. ఉలి మాత్రం మగవాళ్లది. ఆడవాళ్లు ఉలి ముట్టుకుంటే పదును పోతుందని మా వాళ్ల నమ్మకం. నాకు పదహారో పదిహేడో ఉంటాయి, చెల్లెకు పన్నెండు. మా ఇంట్లో బడి మొహం చూసింది ఆమె ఒక్కతే.

ఏడో తరగతికి ఆ రోజుల్లో పెద్ద పరీక్ష ఉండేది. బడి తెరిచిన రోజే నాయన చెప్పేశాడు.

"పాసైతే పై బడికి పంపుత. లేకుంటే గంప ఎత్తాలె. ఇగ మల్ల నన్ను అడగొద్దు."

ఆయన కఠినుడేమీ కాదు. నాకైతే ఆ అవకాశం కూడా లేకుండె. అందుకే ఆ ఏడు చెల్లె చదువు నేను మోసే గంపల్లో ఒకటి అనుకున్నాను.

సైన్సు సారు గుంటూరు దిక్కు నుంచి వచ్చినవాడు. సైకిలు మీద వచ్చేవాడు. పాలేరునైనా సరే "అండి" అనే పిలిచేవాడు. బడిలో సామాను అంటూ ఒక గ్లోబు, ఒక పగిలిన భూతద్దం. అందుకని పిల్లలకు ఎప్పుడూ ఏదో ఒకటి తెమ్మని, చూడమని, రాయమని పని చెప్పేవాడు. తొలకరిలో చిక్కుడు గింజలు తడి గుడ్డలో కట్టి మొలకలు చూడమన్నాడు. మా మూట నీళ్ల కుండ పక్కనే పెట్టి పొద్దునా సాయంత్రం తడిపింది నేనే. మూడు రకాల రాళ్లు తెమ్మంటే, నేను చెల్లె సంచిలో పదకొండు రకాలు వేసి పంపాను. సంచి ఎత్తలేక సారు "ఇదేంటమ్మా, కొండనే తెచ్చావా?" అన్నాడట. చలికాలంలో, వేడికి వస్తువులు సాగుతాయని పాఠం వచ్చింది. ఆ పూట చెల్లె ఇంటికి ఉరుక్కుంటూ వచ్చింది.

"అక్కా, నాయన బండ మీద మంట పెడితే పొర లేస్తది సూడు, అదేనంట పాఠం! నేను లేచి చెప్పిన. సారు నాతోని మల్లొకసారి చెప్పిచ్చిండు!"

ఆ రాత్రి నాయన ఇంకో రొట్టె అడిగి తిన్నాడు.

ఇవన్నీ వారం పది రోజుల పనులు. ఒక పని మాత్రం ఏడాది పొడుగూ చేయాలి. ప్రతి ఆదివారం మిట్టమధ్యాహ్నం, నిలబెట్టిన పుల్ల నీడ ఎంత ఉందో, ఎటు పడిందో కొలిచి పుస్తకంలో రాయాలి. ఆదివారం చెల్లె మేకలు తోలుకొని పోయేది. నీడ కొలవాలంటే మనిషి ఒక జాగాలో ఉండాలి, మేకలు ఉండవు. మాకేమో అంగడి రోజు తప్ప సెలవు లేదు, ఆదివారం నేను బండల దగ్గరే ఉంటాను.

"అక్కా, నువ్వు గుర్తు పెట్టి ఉంచు. పొద్దూకినంక నేనొచ్చి రాసుకుంట" అన్నది.

నేను పెట్టాను. పనికి రాదని వదిలేసిన బల్లపరుపు బండ ఒకటుంది, నాయన అటు రాడు. నీళ్లు పోసి చూస్తే ఎటూ పారలేదు, అంత మట్టం. దాని నడుమ ఎవరో తొలిచి విడిచిన చిల్లులో మూరెడు ఇనుప కమ్మీ దిగేసి, దారానికి రాయి కట్టి నిటారుగా ఉందో లేదో చూశాను. అన్నాలు తినే వేళకు ముందు నుంచి బొగ్గుతో చుక్కలు పెడుతూ, అన్నిటికన్నా పొట్టి నీడ దగ్గర నాయన చిన్న ఉలితో ఒక గీత కొట్టాను. నాయన అన్నం తిని కునుకు తీసే సమయం అది. ఆయన లేచేలోపు ఉలి మూటలోకి పోవాలి.

సాయంత్రం చెల్లె వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"గుర్తంటే బొగ్గుతో పెట్టాలెనే! బండకెందుకు కొట్టినవ్?"

"బొగ్గు వానకు పోతది."

"ఒక్క పూట ఉంటే సాలు కదనే!"

నాకు తెలిసిన గుర్తు అదే. మా ఇంట్లో ఎవరైనా గుర్తు పెట్టమంటే రాతి మీదే పెడతారు. ఆ తప్పు ప్రతి ఆదివారం చేశాను. ఒక వేలు, రెండు వేళ్లు అని చెల్లె కొలుచుకుని రాసుకునేది. ముసురు పట్టిన ఆదివారం నేను గీత కొట్టలేదు. ఆమె "మబ్బు" అని రాసింది.

మొదటి గీతలు కమ్మీకి దక్షిణం పక్కన రెండు వేళ్ల దూరంలో పడ్డాయి. వారం వారం దగ్గరికి జరిగాయి. ఆగస్టు మొదట్లో ఒక ఆదివారం ఎండ ఫెళ్లున కాస్తున్నది, కమ్మీకి నీడే లేదు. బొగ్గు పట్టుకుని చుట్టూ తిరిగాను. మాతో కంకర కొట్టే ముసలామె చూసి గంప కింద పడేసింది.

"నీడ లేనిది దయ్యానికేనే! తీసెయ్యే పిల్లా దాన్ని!"

"దయ్యం నీకే పట్టింది, నీ నీడ ఏది అవ్వా?"

ఆమె వంగి తన కాళ్ల కింద చూసుకుంది. గంప ఎత్తుకుని దూరంగా పోయి కూర్చుంది. నేను చిల్లు చుట్టూ గుండ్రంగా గీత కొట్టాను. తరువాతి వారం నుంచి నీడ ఉత్తరం పక్కకు వచ్చి, పెరుగుతూ పోయి, డిసెంబరు ఆఖరుకు ఇరవై ఒక్క వేళ్లయింది. తరువాత మళ్లీ తగ్గుతూ వచ్చింది. ముసలామె "నీడను కొలిస్తే కూలిస్తరా?" అని అడగడం మాత్రం ఏడాదంతా మానలేదు.

ఫిబ్రవరిలో సారు పుస్తకాలన్నీ తీసుకున్నాడు. తాను సంతకం పెట్టిన వాళ్ల పేర్లే పెద్ద పరీక్షకు పంపుతానన్నాడు. క్లాసులో అందరి పుస్తకాల్లో నీడ ఏడాదంతా ఉత్తరానికే ఉంది. చెల్లె పుస్తకంలో మాత్రం జూన్, జూలైలలో దక్షిణానికి ఉంది, ఆగస్టులో ఒక వారం అసలు లేదు. సారు నాయనను పిలిపించాడు. శుక్రవారం నాయన ఒంటి నిండా రాతి పొడితో పోయాడు. "రండి, కూర్చోండి" అంటే వెనక ఎవరున్నారా అని చూశాడట.

"చూడండి, మన దేశంలో మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుందండి. తప్పు రాస్తే దిద్దుతాను. చూడకుండా కల్పించి రాసింది, దానికి నేను సంతకం పెట్టలేనండి."

నాయనకు చదువు రాదు గానీ, అబద్ధం అనే మాట బాగా వచ్చు. తిరిగి వస్తూ దారిలో మేదరి వాళ్ల దగ్గర కొత్త గంప కొన్నాడు. చిన్నది, పన్నెండేళ్ల పిల్ల నెత్తికి సరిపోయేది. వాకిట్లో పెట్టాడు.

"సోమవారం సంది నువ్వు కూడా రావాలె."

"నాయనా, నేను అబద్ధం రాయలే!" అన్నది చెల్లె.

"సారు కంటె నీకెక్కువ తెలుసా?"

నేను కొలిచానని అప్పుడే చెప్పాలి. ఉలి సంగతి గుర్తొచ్చి నోరు రాలేదు. చెల్లె నా వైపు చూసింది, కానీ నా మాట ఎత్తలేదు. అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ చూపే నన్ను నిలువనీయలేదు.

శనివారం ఒంటిపూట బడి. పని వదిలేసి నేను బడికి పోయాను. నా బతుకులో బడి గడప తొక్కడం అదే మొదలు.

"సారూ, అబద్ధమైతే నాది. మా చెల్లెది కాదు. కొలిచింది నేను."

"నువ్వా? ఎక్కడ రాశావమ్మా?"

"బండ మీద."

పిల్లలంతా గొల్లున నవ్వారు. సారు కూడా నవ్వు ఆపుకున్నాడు. "అయితే ఆ బండ పట్టుకురా, చూద్దాం."

"రాళ్లంటే సంచిల వేసి పంపిన సారూ. గీ బండ నా తోని కాదు. మీరే రావాలె."

సారుకు అప్పుడు ఆ రాళ్ల సంచి గుర్తొచ్చింది. "ఓహో, ఆ కొండను పంపింది నువ్వేనా!" అన్నాడు. బడి విడిచిపెట్టి, సైకిలు నడిపించుకుంటూ మా వెంట వచ్చాడు.

పనిలో ఉన్న నాయన సారును చూసి ఉలి మూటతోనే ఆ బండ దగ్గరికి వచ్చాడు. సారు చుట్టూ తిరిగి గీతలన్నీ చూశాడు. "బాగానే ఉన్నాయమ్మా. కానీ ఇవి నిన్న కొట్టినవి కావని ఎట్లా నమ్మను?"

నేను నాయన వైపు చూశాను. నాయన గీతల వైపే చూస్తున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, వేలు తడి చేసి దక్షిణం పక్క గీతను రుద్దాడు.

"ఇది నిన్నటిది కాదు సారూ. వాన తిన్న దెబ్బ. రాతి పిండి మొత్తం కొట్టుకపోయింది, లోపల మట్టి పట్టింది."

సారు నోటుపుస్తకం తెరిచాడు. "ఇదెప్పటిదండి?"

"తొలకరిది."

"ఇది?"

"ఇది కూడ వానలు తిన్నదే. ఇగో, ఇది సగమే తిన్నది, దసరా ముందటిది. ఇది వాన మొకమే సూడలే, చలికాలంది. ఇది..." నాయన వేలికి తెల్ల పిండి అంటుకుంది. "ఇది మొన్నటిది."

సారు పేజీ తిప్పుతూ, అడుగుతూ పోయాడు. నాయనకు పుస్తకం రాదు, సారుకు రాయి రాదు. ఒకరు చెప్పింది ఒకరి దగ్గర సరిపోతూ వచ్చింది. దక్షిణం పక్క గీతల్లో వాన తిననిది ఒక్కటీ లేదు. చివరికి సారు గుండ్రటి గీత దగ్గర ఆగి, చెల్లె "నీడ లేదు" అని రాసిన వరుస మీద వేలు పెట్టాడు. తరువాత వెనక్కి తిప్పి "మబ్బు, మబ్బు" అని చదివాడు.

"ఈ మబ్బు రాసిన ఆదివారం వానకు నేను సైకిలు దించి చెట్టు కింద నిలబడ్డాను. మిగతా వాళ్లందరి పుస్తకాల్లో ఆ రోజు కూడా నీడ ఉంది." ఆయన తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "పదేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. జూన్‌లో సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోతాడు కదా, ఒక్కరోజు బయటికొచ్చి చూసుకోలేదు."

ఆ బండ మీదే కూర్చుని ఎర్ర సిరాతో సంతకం పెట్టాడు. నా పేరు అడిగి, దాని కింద రాశాడు. ఏది నా పేరో చెల్లె వేలితో చూపించింది. ఆ బండ ఇప్పుడు లేదు, అక్కడ అద్దాల మేడ లేచింది. ఆగస్టు మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ మేడకు కూడా నీడ ఉండదు. లోపలివాళ్లు ఎవరూ బయటికి వచ్చి చూడరు. నోటుపుస్తకంలో నా పేరు మాత్రం ఉంది, ఇప్పుడు నేనే చదువుకోగలను.

సారు పోయాక నాయన ఇంకా గీతల దగ్గరే ఉన్నాడు.

"దెబ్బ సక్కగున్నది. ఎవరి చేయి?"

"నాదే నాయనా."

"నా ఉలితోనా?"

"నీదే. పదును పోయిందా?"

ఆయన మూట విప్పి చిన్న ఉలి తీశాడు. బొటనవేలితో అంచు చూసుకున్నాడు. మళ్లీ మూటలో పెట్టాడు. "పోలే" అన్నాడు. చెల్లె వైపు తిరిగి, "పరీక్ష ఎప్పుడు?" అని అడిగాడు.

మరునాడు ఆదివారం. పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, ఆ కొత్త గంపను బోర్లించి కోడిపిల్లల మీద కప్పాను. జరగకుండా పైన ఒక రాయి పెట్టాను. నాయన చూస్తుండగానే మూటలోంచి చిన్న ఉలి తీసి, నడుముకు దోపుకుని, బండ దగ్గరికి నడిచాను.