ఈశాన్యం మెట్లు

మడివాళలోని మా పాత ఓనరమ్మ మొన్న ఆదివారం పొద్దున పోయారు. ఆమె నడిపే పీజీ హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకతె ఫోన్ చేసి, "సిస్టర్, ఓనరమ్మ ఎంత పిలిచినా లేవడం లేదు" అంది. నర్సుగా ఇలాంటి మాటలు చాలాసార్లు విన్నాను. అయినా ఇప్పుడు నేనుండే హెబ్బగోడి నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ, నేను చేరేసరికి ఆమె లేచి కూర్చుని అందర్నీ తిడుతూ ఉంటారేమోనని ఆశపడ్డాను.

నేను గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో అది పీజీ కాదు, మామూలు ఇల్లు. పైన ఒక గది నాకు అద్దెకిచ్చారు. భర్త పోయాక బతుకుదెరువు కోసం, ఇంటిని పెంచి ఆడపిల్లల పీజీ చేద్దామనుకున్నారు. ప్లాన్ గీసిన ఇంజినీరు కాఫీ తాగాక మెల్లగా అసలు సంగతి చెప్పాడు.

"అమ్మా, ఇల్లుగా ఉన్నంతకాలం పాత మెట్లు ఓకే. పీజీ అంటే యూజ్ మారిపోతాది. పాత బిల్డింగే కదా అంటే ఫైర్ రూల్స్ ఒప్పుకోవు. రెండో స్టెయిర్‌కేస్ ఉండాల. పొగ రాకుండా దానికొక తలుపు ఉండాల."

"యాడ పెడతావప్పా?"

అతను ఇంటి ఈశాన్య మూలను చూపించాడు. మిగతా పక్కలన్నీ పొరుగిళ్ల గోడలే. ఆ మూల మాత్రం ఖాళీగా ఉందంటే, ఒకప్పుడు వాస్తు చూసి వదిలారు కాబట్టే.

ఓనరమ్మకు వాస్తు మీద ఎంత పట్టింపో తెలియనివాళ్ల కోసం ఒకటి చెబుతాను. నా మంచం ఉత్తరం తలగా ఉందని, నేను డ్యూటీకి వెళ్లినప్పుడు గది తాళం తీసి మరీ తిప్పేసిన మనిషి ఆమె. చర్చికి వెళ్లేదాన్ని, నాకెందుకమ్మా ఇవన్నీ అంటే, "దిక్కులకు నీ మతం తెలుస్తాదా?" అన్నారు.

ఆమె మరిది సులువు దారి చెప్పాడు. "ప్లాన్లో చూపిద్దాం వదినా. పర్మిషన్ వచ్చినాక ఆ జాగాలో స్టోర్‌రూమ్ కట్టుకుందాం. ఊర్లో అందరూ చేసేది అదే కదా."

కొన్నాళ్లు గడిచాయి. ఒక సాయంత్రం నాకు కాఫీ ఇస్తూ, బియ్యం ఏ కొట్లో కొనాలో తేల్చుకున్న గొంతుతో అన్నారు: "ఈశాన్యంలో మెట్లుంటే ఇంటి యజమానికి చెరుపంటారు. యజమానురాలు నేను. వస్తే నాకొకదానికే వస్తాది. మెట్లు లేకుంటే పైనుండే పిల్లలందరికీ. కట్టేస్తా."

కట్టేశారు. తర్వాత తనూ పై అంతస్తుకే మారిపోయారు. ఓనరు కింద ఉంటే పైవాళ్లు గుర్తుండరు అనేవారు.

ఆ మెట్లకు పెట్టిన బరువైన తలుపు తనంతట తానే మూసుకుంటుంది. గాలి రావాలని అమ్మాయిలు దానికి ఇటుక అడ్డం పెట్టేవాళ్లు. ఓనరమ్మ ఆ ఇటుక పట్టుకుని గది గదికీ వచ్చి తలుపు తట్టేవారు. "ఈ ఇటుక ఎవురిది? పొగకు దారి చూపిస్తాండారా?" ఎవరూ ఒప్పుకోరు కదా, ఆ ఇటుకలన్నీ పైన ఆమె గది ముందున్న కరివేపాకు కుండీ చుట్టూ చేరేవి. కొన్నాళ్లకు కుండీకి మంచి గట్టే అయింది. మెట్లమీద చెప్పుల స్టాండు గానీ నీళ్ల క్యాను గానీ కనిపిస్తే ఇక ఆ రోజు మా పని అయిపోయినట్టే.

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా నిప్పు అంటుకోలేదు. మరిదేమో ఆ మెట్లమీద కాలు పెట్టేవాడు కాదు. "సుమ్నే కట్టిస్తివి వదినా" అని, ఉత్తపుణ్యానికి కట్టించావన్నట్టు ఎత్తిపొడిచేవాడు.

"సుమ్నేనే ఉండనీప్పా. పని పడకుంటే సంతోషమే కదా."

నిరుడు ఆమెకు కడుపులో గడ్డ అని తేలింది. చుట్టాలకు కారణం వెతుక్కునే శ్రమ లేకపోయింది. ఆ ఈశాన్యం మెట్ల దారికి గోడ కట్టించేద్దామని మరిది మేస్త్రీని తీసుకొచ్చాడు. ఆయన్ని తప్పుపట్టను, వదినను దక్కించుకోవాలన్న ఆరాటం ఆయనది. ఓనరమ్మ మంచం దిగి వెళ్లి, ఆ తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"అప్పుడే చెప్పినా కదప్పా, నాకొకదానికే అని. ఇప్పుడు మూస్తే నా రోగమూ పోదు, పిల్లలకు దారీ ఉండదు. ఇదేం బేరమప్పా?"

మేస్త్రీ కాఫీ తాగి వెళ్లిపోయాడు. రోగానికీ మెట్లకూ సంబంధం లేదమ్మా అని నేను వివరించబోతే, "నీకు తెలీదులే సిస్టరమ్మా" అని నవ్వారు. చివరిదాకా ఆమె నిజంగానే నమ్మారు. నాకు ఏడుపొచ్చేది అక్కడే. వాస్తు నమ్మని నాలాంటిది ఆ మెట్లు కట్టిస్తే అందులో గొప్పేముంది? తన ప్రాణం మీదికొస్తుందని నమ్మి కూడా ఆమె కట్టించారు. అలాంటి మనిషి ఇంట్లో అద్దెకున్నాను, ఆమె చేతి కాఫీ తాగాను. నాకది చాలా గొప్ప.

ఆదివారం మధ్యాహ్నం అంతిమయాత్ర బండివాళ్లు స్ట్రెచర్ పైకి తెచ్చారు. ఆమెను పడుకోబెట్టి పాత మెట్లవైపు తీసుకెళ్తే, మలుపు దగ్గర ఇరుకై అది తిరగలేదు. వెనక్కి తెచ్చి వరండాలో నిలబడ్డారు. అందరూ మరిది వైపు చూశారు. ఆయన "ఇంకేం దారి ఉండాది, ఆ పక్కనుంచే పట్టండప్పా" అని ముందు తనే చెయ్యి వేశాడు. వెడల్పాటి ఆ మెట్లమీద ఆమె ఎక్కడా ఒరగకుండా, కుదుపు లేకుండా దిగారు.

వెనక వచ్చేవాళ్ల మీద తలుపు మూసుకుపోతుంటే ఒక అమ్మాయి పరుగెత్తి, కరివేపాకు కుండీ దగ్గరి ఇటుక తెచ్చి అడ్డం పెట్టింది. అందరూ దిగిపోయారు. నేను పైనే ఉండిపోయాను. కింది మలుపు నుంచి మరిది గొంతు వినిపించింది.

"సిస్టరమ్మా, ఆ ఇటుక తీసేయి. వదిన చూస్తే తిడతాది."

వంగి తీశాను. చేతికి తడి తగిలింది. ముందురోజు సాయంత్రం కుండీకి నీళ్లు పోసింది ఓనరమ్మేనట. తలుపు మెల్లగా వచ్చి, తనంతట తానే మూసుకుంది.